పళ్లెం కనబడని లోతు

మోటారు ఆపగానే
ముర్టెన్ సరస్సు మా మాట వినడానికి దగ్గరికి జరిగినట్టుంటుంది.
రెస్ గుట్‌క్నెఖ్ట్ తాడు విప్పుతాడు.
దాని చివర నలుపూ తెలుపూ పూసిన ఇనప పళ్లెం,
ఎవరికీ అన్నం పెట్టనిది,
చూపు ఎంత దూరం పోతుందో కొలిచేది.

పడవ నీడ పడిన వైపు వంగి
తాడు వదులుతూ లెక్కపెడతాడు:
ఒకటి. రెండు. నాలుగు. నాలుగూ ముప్పావు.
"పోయింది" అంటాడు.
నేను రాసుకుంటాను.
పద్దెనిమిదేళ్లలో మా ఇద్దరి మధ్య
ఎక్కువసార్లు నడిచిన మాట అదే.

పోయిన చోట ఏముందో చెప్పేవి నా సీసాలు.
మీటరుకొక సీసా, సీసాకొక ఊరు.
పైన, ఎండకు కాగిన నీళ్లలో
రెండేసి తోకల పచ్చని ఈతగాళ్లు,
మిట్టమధ్యాహ్నం వెలుగు మరీ ఎక్కువైతే
మెల్లగా కిందికి జారుకునేవాళ్లు.
గాజుపెట్టెల్లో కాపురం చేసే డయాటమ్‌లు
గాలి ఆడినంతసేపే పైన.
గాలి ఆగిందా, సొంత ఇంటి బరువే ముంచుతుంది వాటిని.
ఏటా వసంతకాలం మొత్తం
చప్పుడు లేకుండా అడుక్కి రాలిపోతుంది.

తొమ్మిది మీటర్ల దగ్గర
థర్మామీటరు మెట్టు తప్పినట్టు పడుతుంది.
ఇరవై ఒకటి, పదహారు, పదకొండు.
ఆ చన్నీటి గడప మీద
ఒక ఎర్రటి పొర.
వెంట్రుక కన్నా సన్నని పోగులు,
ఒంటినిండా గాలి తిత్తులు,
తేలవు, మునగవు.
పైవాళ్లు ఎంగిలి చేసి వదిలిన కాస్త ఆకుపచ్చ వెలుతురే
వాటికి కూడు.
ఉప్పూ పులుపూ కింది చీకటి నుంచి అందుతాయి.
పై అంతస్తు దొరక్క కాదు,
ఇష్టపడే ఉంటాయక్కడ.
ఒడ్డున దూకే పిల్లలకు తెలియదు
తమ కాళ్ల కింద ఎవరో తివాచీ పరిచి ఉంచారని.

తర్వాత మూడేళ్లు అంకెలు తగ్గాయి.
నాలుగున్నర. నాలుగు. మూడుంబావు.
సరస్సు మసకబారుతోందా అని
బెర్న్ ఆఫీసు నుంచి ఉత్తరం.
వుల్లీ కొండ మీది ద్రాక్షతోటల ఎరువేనన్నారు కొందరు.
మా అన్న తోట కూడా అక్కడే.
సమావేశంలో లేచి, నా వైపు చూడకుండా,
"మీ సీసాలు ఏమంటున్నాయి?" అని అడిగాడు.

సీసాలు ఏమీ అనడం లేదు.
పచ్చదనం పెరగలేదు. ఎర్ర పొర ఉన్నచోటే ఉంది.
వెలుతురు కొలిచే యంత్రాన్ని దింపితే
పాత మాటే చెప్పింది.

ఆగస్టులో ఒక పొద్దున
రెస్ చుట్ట వెలిగించబోయి
రెండుసార్లు గాలిని వెలిగించాడు.
మూడోసారి అగ్గిపుల్ల నా చేతికిచ్చాడు,
ఏమీ కానట్టు, చలిగా ఉందన్నట్టు.

పొర నీళ్లలో లేదు.

శుక్లం. రెండు కళ్లకీ.
పడవలో ఉండగా చెప్పలేకపోయాను.
ఆ అంకెలు కొట్టెయ్యనూ లేదు.
పక్కన పెన్సిలుతో రాశాను:
చూసినవారు, ఆర్. జి.
అతను చూసినంత మేరకు అవి నిజమే.

డిసెంబరులో ఈదర మొదలై
సరస్సు పైదీ కిందదీ కలిపి కవ్వమాడింది.
గడప కరిగింది.
ఓ తెల్లవారుజామున రేవు పక్కన నీళ్లు
కుంకుమ కడిగినట్టు ఎర్రగా.
బర్గండీ నెత్తురు అంటారిక్కడ ముసలివాళ్లు.
ఐదొందల ఏళ్ల కిందట
యుద్ధంలో ఓడి ఈ నీళ్లలో మునిగిన సైనికులది.
రెస్ వాళ్ల నాయనమ్మ ఆ వారమంతా
బిందె ముంచేది కాదట.

ఎడమ కంటికి ఆపరేషనై తొమ్మిదో రోజు,
డాక్టరు వద్దన్నా వచ్చాడతను.
చెక్క వంతెన మీద చాలాసేపు నిలబడి
"ఫాబియెన్, ఇంత ఎరుపా ఇన్నాళ్లూ
మన కింద ఉన్నది?" అన్నాడు.
"ఇంకా ఎక్కువ. ఇది విరిగిపోయి పైకొచ్చిందే."

పళ్లెం అడిగాడు.
వంగాడు. కొత్త కన్ను నీటికి ఆనించినంత దగ్గరగా.
చెయ్యెత్తు తాడు కూడా జారలేదు.
"పోయింది" అన్నాడు, నవ్వుతూ.
తొంభై సెంటీమీటర్లు.

పక్కన ఏమీ రాయలేదీసారి.